నొక్కకుండానే పెరిగిన లెక్క: బాలానగర్ వర్క్‌షాప్‌లో ఒక పుష్ బటన్ కేసు

బాలానగర్‌లో షీట్ మెటల్ భాగాలు చేసే ఒక చిన్న వర్క్‌షాప్. పవర్ ప్రెస్‌ల మీద బ్రాకెట్లు, క్లిప్పులు కొడతారు. వాటిని నాలుగు టేబుళ్ల దగ్గర ఏరి, చూసి, ట్రేలలో సర్దుతారు. ట్రే నిండగానే టేబుల్ మీదున్న ఆకుపచ్చ బటన్ నొక్కాలి. ప్యానెల్ బాక్సులో ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (క్లుప్తంగా 'పై') దాన్ని లెక్కలో కలుపుకుని గోడ మీది టీవీలో చూపిస్తుంది. ప్యాకింగ్ చేసేవాళ్లకు కూలి ట్రే లెక్కన. అంటే ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కినట్టు పై రాసుకుంటే అంత డబ్బు.

టీవీలో కనిపించే అంకెకూ డిస్పాచ్‌లో చేత్తో లెక్కపెట్టిన ట్రేలకూ పొంతన కుదరడం లేదని ఫిర్యాదు. 1, 2 టేబుళ్లలో లెక్క ట్రేల కంటే ఎక్కువ వస్తోంది. 3లో ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. 4వ టేబుల్ లెక్క మాత్రం ఎప్పుడు చూసినా ట్రేలతో సరిపోతోంది. దీన్నిబట్టి ఓనర్ ఒక అభిప్రాయానికి వచ్చేశారు. 4వ టేబుల్‌లో చేసే ఆమె నిజాయితీపరురాలు, మిగతా ముగ్గురూ ఊరికే బటన్ నొక్కుతున్నారు. నాకు చెప్పిన పని కూడా అదే ధోరణిలో ఉంది. "వాళ్లు వరసగా ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే పడేలా ప్రోగ్రామ్ మార్చండి సార్."

ఇలాంటి ఏర్పాట్లు జీడిమెట్ల, చర్లపల్లి, నాచారం వైపు చిన్న యూనిట్లలో కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. బోర్డు చిన్నది, బటన్ చవక, టేబుల్ మీద పెట్టి చూస్తే మొదటిసారే పనిచేస్తుంది. తేడా వచ్చేది షాప్ ఫ్లోర్‌కి వెళ్లాక. అప్పుడు ఆ తేడా ఎవరో ఒకరి మీద పడుతుంది. అందుకే ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను.

ముందు ఉన్న వైరింగ్

నాలుగు బటన్లూ ప్యానెల్ బోర్డుల్లో వాడే 22 మిల్లీమీటర్ల రకం, ఎన్‌ఓ కాంటాక్ట్, అంటే నొక్కితేనే కలిసేది. ఒక్కో బటన్ నుంచి రెండు వైర్లు ప్యానెల్ దాకా వస్తాయి. ఒకటి పై గ్రౌండ్‌కి, ఇంకొకటి నేరుగా జీపీఐఓ పిన్‌కి, అంటే బయటి సిగ్నల్‌ని పై చదివే కాలికి. 1వ టేబుల్ జీపీఐఓ 17కి, 2వది 27కి, 3వది 22కి, 4వది జీపీఐఓ 3కి. బయట రెసిస్టర్ ఒక్కటీ లేదు. లోపలి పుల్-అప్‌నే, అంటే పిన్‌ని 3.3 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్‌నే, ప్రోగ్రామ్‌లో ఆన్ చేశారు. బటన్ వదిలి ఉంటే పిన్ దగ్గర 3.3 వోల్టులు, నొక్కితే సున్నా.

కేబుల్ మామూలు మల్టీకోర్, షీల్డ్ (తీగల చుట్టూ లోహపు కవచం) లేనిది. టేబుళ్ల నుంచి ప్యానెల్ దాకా ప్రెస్ మోటర్ల పవర్ వైర్లూ, కాంటాక్టర్ (మోటర్‌ని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిల్ వైర్లూ వెళ్తున్న పీవీసీ ట్రంకింగ్‌లోనే దీన్ని కూడా పడుకోబెట్టారు. 4వ టేబుల్ అన్నిటికంటే దూరం, పదిహేను మీటర్లకు పైనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ప్రోగ్రామ్ పైథాన్‌లో ఉంది, ఆర్‌పీఐ-జీపీఐఓ అనే పాత లైబ్రరీతో రాశారు. పిన్ వోల్టేజ్ పైనుంచి కిందికి పడగానే లెక్కకు ఒకటి కలుపుతుంది. ఒక నొక్కుడు పడ్డాక ఎంతసేపు మిగతావి పట్టించుకోకూడదో చెప్పే బౌన్స్ టైమ్ 300 మిల్లీసెకన్లు అని పెట్టి ఉంది. ఓనర్ అడిగింది ఆ అంకెను ఇంకా పెంచమని.

ఫిర్యాదును విడగొట్టడం

"బటన్ పనిచేయట్లేదు" అనే మాటలో రెండు వేర్వేరు రోగాలు ఉంటాయి. నొక్కితే పడకపోవడం ఒకటి, నొక్కకుండా పడటం ఇంకొకటి. మొదటిదానికి కారణం దాదాపు ఎప్పుడూ కాంటాక్ట్, వైరు లేదా తప్పు పిన్. రెండోదానికి కారణం లైన్‌లోకి బయటి నుంచి వచ్చే గోల (విద్యుత్ అలజడి), లేదా పిన్ ఏ వోల్టేజ్‌కీ కట్టి లేకుండా గాల్లో తేలుతుండటం. ఒకదాని మందు రెండోదాన్ని ఎక్కువ చేస్తుంది. ఇవి రెండూ కలిసి ఉన్న చోట కోడ్‌లో అంకెలు మార్చుకుంటూ కూర్చుంటే ఎటూ తేలదు.

కోడ్ తెరవకముందు 1వ టేబుల్ దగ్గర కాసేపు నిలబడ్డాను. అక్కడ పనిచేసే ఆమెను అడిగాను: "అమ్మా, లెక్క ఎప్పుడు ఎక్కువ పడుతోంది? ఏమైనా గమనించారా?"

"నేను ఒక్కసారే ఒత్తుత సార్. ఒత్తకపోయినా పడుతది. ఆ పెద్ద మిషన్ బంద్ చేసినప్పుడు చూడుండ్రి, అంకె ఎగురుతది. మేము చెప్తే ఎవ్వరూ వినరు."

ఈ కేసులో అన్నిటికంటే విలువైన సమాచారం ఈ మాటే. మిషన్ ఆన్ చేసినప్పుడు కాదు, బంద్ చేసినప్పుడు అంది. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెగిన క్షణంలో కాయిల్ ఎదురు తిరిగి పెద్ద వోల్టేజ్ స్పైక్ వదులుతుంది. ఆ కాయిల్ వైరు పక్కనే మీటర్ల కొద్దీ మన బటన్ వైరు పడుకుని ఉంది. రోజంతా ఆ టీవీ కింద కూర్చునే మనిషి చూసింది నా మీటర్ కంటే ముందే సరైన చోటు చూపించింది.

పిన్ ఏం చూస్తోంది?

ముందు తేలిగ్గా తోసిపుచ్చగలిగినవి చూశాను. పవర్ సప్లై తక్కువ వోల్టేజ్ ఇస్తోందా అని పై తనంతట తానే గుర్తుపెట్టుకుంటుంది. థ్రాటిల్ స్టేటస్ అనే ఆ గుర్తును అడిగితే సున్నా వచ్చింది, అంటే సప్లై బాగుంది. పిన్ నంబర్లలో తికమక కూడా లేదు. జీపీఐఓ 17 అంటే హెడర్ (బోర్డు మీది పిన్ల వరస) మీద 11వ పిన్, 27 అంటే 13, 22 అంటే 15, జీపీఐఓ 3 అంటే 5వ పిన్. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పిన్ వరస నంబరు ఒకటి, జీపీఐఓ నంబరు ఇంకొకటి. ఇంట్లో బ్రెడ్‌బోర్డ్ మీద నాలుగు కాళ్ల చిన్న టాక్ట్ స్విచ్ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. దాని కాళ్లు రెండేసి లోపలే కలిసి ఉంటాయి. తిప్పి గుచ్చితే బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. ఎదురెదురు మూలల కాళ్లు వాడితే ఆ బాధ ఉండదు.

తర్వాత మల్టీమీటర్. బటన్ వదిలి ఉండగా నాలుగు పిన్ల దగ్గరా 3.3 వోల్టులు. నొక్కి పట్టుకుంటే 1, 2, 4 సున్నాకి వచ్చాయి. 3వ టేబుల్ బటన్ మాత్రం ఒకసారి సున్నా, ఇంకోసారి 0.4, ఇంకోసారి 1.3 దగ్గర ఆగింది. పై 4లో పిన్ ఖచ్చితంగా "సున్నా" అని చదవాలంటే 0.8 వోల్టుల కిందికి రావాలి, "ఒకటి" అని చదవాలంటే 2 వోల్టుల పైన ఉండాలి. మధ్యలో ఎటు చదువుతుందో గ్యారంటీ లేదు. 3వ టేబుల్‌లో కొన్ని నొక్కుళ్లు పడకపోవడానికి కారణం దొరికింది, దాని సంగతి కింద చెప్తాను.

అయితే నొక్కకుండా పడే లెక్కను మల్టీమీటర్ పట్టుకోలేదు. ఆ స్పైక్ మైక్రోసెకన్లలో వచ్చి పోతుంది, మీటర్ అంకె కదలను కూడా కదలదు. దానికి పైలోనే సాధనం ఉంది. లెక్క ప్రోగ్రామ్ ఆపేసి, జీపీఐఓ-మాన్ అనే టూల్‌ని నాలుగు పిన్ల మీద పెట్టాను. పిన్ పైకి వెళ్లినా కిందికి పడినా నానోసెకన్ల దాకా టైమ్‌తో ఒక్కో లైన్ రాస్తుంది. బటన్ల దగ్గర ఎవరినీ ఉండొద్దన్నాను. సూపర్‌వైజర్ ప్రెస్ ఆన్ చేసి, కొంతసేపు నడిపి, ఆపారు.

ఆపిన క్షణంలో స్క్రీన్ మీద ఒక గుంపు లైన్లు పడ్డాయి. 17 పడింది, లేచింది. 27 పడింది, లేచింది. 22 పడింది, లేచింది. మూడూ ఒకే మిల్లీసెకన్ లోపల. వేర్వేరు టేబుళ్ల దగ్గరున్న మూడు బటన్లను ముగ్గురు మనుషులు మిల్లీసెకన్ తేడా లేకుండా నొక్కడం జరిగే పని కాదు. పైగా అసలు నొక్కుడు ఎలా ఉంటుందో పక్కనే పెట్టి చూస్తే పోలికే లేదు. చేత్తో నొక్కినప్పుడు మొదట రెండు మూడు మిల్లీసెకన్లు కాంటాక్ట్ ఎగిరెగిరి పడ్డ లైన్లు, తర్వాత వంద మిల్లీసెకన్లకు పైగా నిశ్శబ్దంగా కిందనే, వదిలినప్పుడు మళ్లీ కొంచెం గందరగోళం. మిషన్ ఆపినప్పుడు వచ్చేది ఇలా పడి అలా లేస్తుంది, కింద నిలబడదు.

ఆ గుంపులో జీపీఐఓ 3 పేరు ఒక్కసారి కూడా లేదు.

4వ టేబుల్ ఎందుకు బాగుంది?

ట్రబుల్‌షూటింగ్‌లో చాలామంది చెడిపోయినదాని చుట్టూనే తిరుగుతారు. బాగున్నది ఎందుకు బాగుందో అడగడం నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది. 4వ టేబుల్ కేబుల్ అన్నిటికంటే పొడవు. అదే ట్రంకింగ్‌లో వస్తోంది. బటన్ అదే రకం. గోల అందరికంటే దానికే ఎక్కువ తగలాలి. తగలడం లేదు. ఎందుకంటే పిన్ వేరు.

రాస్ప్‌బెర్రీ పై బోర్డులో జీపీఐఓ 2, 3 అనేవి ఐ-స్క్వేర్డ్-సీ (వేరే చిప్‌లతో రెండు తీగల మీద మాట్లాడే పద్ధతి) కోసం ఉద్దేశించిన పిన్లు. వాటికి బోర్డు మీదే 1.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు 3.3 వోల్టులకు కట్టి ఉంటాయి, తీయడానికి వీల్లేదు. మిగతా పిన్లకు ఉన్నది చిప్ లోపలి పుల్-అప్, అది సుమారు 50 కిలో ఓమ్‌లు. అంటే 4వ టేబుల్ లైన్‌ని పట్టుకున్న పట్టు మిగతా మూడింటికంటే దాదాపు 28 రెట్లు గట్టిది. వదులుగా కట్టిన బట్టల తాడు చిన్న గాలికే ఊగుతుంది, బిగించి కడితే ఊగదు. 50 కిలో ఓమ్‌ల లైన్‌ని స్పైక్ కిందికి లాగితే మళ్లీ పైకి రావడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది, ఆ లోపల పై దాన్ని చూసేస్తుంది. 1.8 కిలో ఓమ్‌ల లైన్ అంతగా కుంగదు, కుంగినా వెంటనే కోలుకుంటుంది.

ఇది నోటితో చెబితే ఓనర్ నమ్మాల్సిన పని లేదు. కాబట్టి ఆయన ముందే పై ఆపేసి, హెడర్ దగ్గర 1వ టేబుల్ వైరునూ 4వ టేబుల్ వైరునూ అటుదిటు మార్చాను. ప్రోగ్రామ్‌లో పేర్లు కూడా దానికి తగ్గట్టు మార్చాను. మళ్లీ ఆన్ చేసి, పని మామూలుగా సాగనిచ్చాం. మధ్యాహ్నం భోజనాల టైమ్‌కి ప్రెస్‌లు ఆపగానే 4వ టేబుల్ లెక్క ఎగిరింది. అప్పుడు ఆ టేబుల్ దగ్గర ఎవరూ లేరు. 1వ టేబుల్ అంకె కదలలేదు. సాయంత్రానికి 1వ టేబుల్ లెక్క ట్రేలతో సరిపోయింది, 4వది తప్పింది. మనుషులు మారలేదు, బటన్లు మారలేదు, కేబుళ్లు మారలేదు. మారింది పిన్ ఒక్కటే. ఓనర్ చాలాసేపు టీవీ వైపే చూస్తూ ఉండిపోయారు. "అంటే వాళ్లు చెప్పింది నిజమేనా?" అన్నారు. నిజమే.

అదే పిన్ వల్ల ఇంకో చిన్న వింత కూడా తేలింది. శనివారం రాత్రి పైని షట్‌డౌన్ చేసి వెళ్తే, ఆదివారం ఊడ్చడానికి వచ్చిన మనిషి ఉన్నప్పుడు అది తనంతట తానే ఆన్ అయ్యేదట. షట్‌డౌన్ అయి పవర్ మాత్రం తగిలి ఉన్న పైలో జీపీఐఓ 3ని గ్రౌండ్‌కి కలిపితే అది మేలుకుంటుంది. టేబుల్ తుడుస్తూ బటన్ నొక్కినా చాలు. దాన్ని పవర్ బటన్‌గా వాడుకునేవాళ్లకు ఇది వరం, లెక్క బటన్‌కి మాత్రం కాదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు

1, 2, 3 టేబుళ్లలో పొద్దున్నే, పని మొదలవకముందే టీవీలో ఒక్కో లెక్క కనిపించిన రోజులున్నాయట. అవి కరెంటు పోయి వచ్చిన రోజులు. పై ఆన్ అయినప్పుడు జీపీఐఓ 0 నుంచి 8 దాకా లోపలి పుల్-అప్‌తో మేలుకుంటాయి, 9 నుంచి 27 దాకా పుల్-డౌన్‌తో, అంటే సున్నా వైపు లాగి ఉంచే రెసిస్టర్‌తో. కాబట్టి ప్రోగ్రామ్ మొదలయ్యేదాకా 17, 22, 27 సున్నాలోనే ఉంటాయి. పాత ప్రోగ్రామ్ మొదట్లో పుల్-అప్ ఆన్ చేసి మరుక్షణమే పిన్లను ఒకసారి చదివేది. పొడవైన కేబుల్ 50 కిలో ఓమ్‌ల గుండా 3.3కి చేరడానికి పట్టే ఆ కొద్ది మైక్రోసెకన్లలో చదివితే "నొక్కారు" అనిపిస్తుంది. బూట్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ మూడు పిన్లూ ఇన్‌పుట్, పుల్-అప్ అని ఒక లైన్ రాస్తే, సిస్టమ్ లేచే మొదట్లోనే అవి సర్దుకుంటాయి. ఇక్కడ కూడా జీపీఐఓ 3 మినహాయింపే. 4వ టేబుల్ మంచి పేరుకు ఇంకో కారణం.

బౌన్స్ టైమ్ పెంచితే ఏమవుతుంది?

ఇది కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరిని అడిగినా మొదట చెప్పే మందు ఇదే.

ఆర్‌పీఐ-జీపీఐఓలో బౌన్స్ టైమ్ పనిచేసే తీరు ఇది. మొదటి పతనాన్ని అది వెంటనే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మీరు చెప్పినంతసేపు మాత్రమే చెవులు మూసుకుంటుంది. నిజంగా వేలు పెట్టి నొక్కిన బటన్‌కి ఇది సరిపోతుంది, ఎందుకంటే మొదటిది అసలైనది, వెనక వచ్చేవే కాంటాక్ట్ ఎగరడం వల్ల వచ్చే నకిలీలు. స్పైక్ విషయంలో మొదటిదే నకిలీ. దాన్ని ఒప్పుకున్నాక ఎంతసేపు చెవులు మూసుకుంటే ఏం లాభం? 300ని 2000 చేసినా ప్రెస్ ఆపిన ప్రతిసారీ ఒకటి పడుతూనే ఉంటుంది. పైగా ఆ రెండు సెకన్లలో ఎవరైనా నిజంగా బటన్ నొక్కితే అది గల్లంతు. ఓనర్ అడిగింది చేసి ఉంటే, పని చేసినవాళ్ల ట్రేలు తినేసి, చేయని ట్రేలు మాత్రం అలాగే ఉంచేవాళ్లం.

ఎల్‌జీపీఐఓ లైబ్రరీ తీరు వేరు. పిన్ కిందికి పడ్డాక చెప్పినంతసేపు అక్కడే నిలకడగా ఉంటేనే అది నొక్కుడు అని చెబుతుంది. మధ్యలో లేస్తే మళ్లీ మొదటినుంచి లెక్క. 20 మిల్లీసెకన్లు పెడితే మైక్రోసెకన్ల స్పైక్‌కి దారి ఉండదు. మనిషి ఎంత వేగంగా నొక్కినా కాంటాక్ట్ అంతకంటే ఎక్కువసేపే మూసుకుని ఉంటుంది. ప్రోగ్రామ్‌ని దీనికి మార్చాను. ఎలాగూ మార్చాల్సిందే. రేపు పై 5 కొంటే దానిలో పిన్లు ఆర్‌పీ1 అనే వేరే చిప్ మీద ఉంటాయి, పాత ఆర్‌పీఐ-జీపీఐఓ అక్కడ పనిచేయదు.

అయినా సాఫ్ట్‌వేర్‌తో ఇక్కడ ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. లైన్‌లోకి వచ్చే స్పైక్ లెక్కలో కనిపించకపోవచ్చు కానీ పిన్ మీద పడుతూనే ఉంటుంది. పై పిన్లు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. పదిహేను మీటర్ల తీగను కాంటాక్టర్ వైర్ల పక్కన పడుకోబెట్టి, దాని కొసను నేరుగా ప్రాసెసర్ కాలికి కట్టడం అంటే ఏదో ఒకరోజు బోర్డు పోతుంది.

3వ టేబుల్ బటన్

3వ టేబుల్ ప్రెస్‌కి దగ్గర. బటన్ విప్పి చూస్తే కాంటాక్ట్ బ్లాక్ మీద సన్నటి నూనె పొర, దాని మీద లోహపు దుమ్ము. వెండి కాంటాక్ట్ కొసలు నల్లబడి ఉన్నాయి. ఈ బటన్లు 24 వోల్టులు, 230 వోల్టులు నడిపించడానికి చేసినవి. అక్కడ నడిచే కరెంటే ఆ పొరను ప్రతిసారీ కాస్త చీల్చి దారి చేసుకుంటుంది. ఇక్కడ 3.3 వోల్టులు, 50 కిలో ఓమ్‌లు. అంటే 66 మైక్రో ఆంపియర్లు. అంత చిన్న కరెంటుకి ఆ పొరే గోడ. నొక్కినప్పుడు పిన్ 1.3 వోల్టుల దగ్గర ఆగిందంటే కాంటాక్ట్ దగ్గరే ముప్పై కిలో ఓమ్‌లకు పైగా అడ్డం ఉందన్నమాట. పాపం ఆమె గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కేది, ఒక్కోసారి రెండుసార్లు నొక్కేది. బయటి నుంచి చూసేవాళ్లకు అదే "ఊరికే నొక్కడం"లా కనిపించింది.

చేసిన మార్పులు

అదే రోజు చేయగలిగింది ముందు చేశాను. ఒక్కో లైన్‌కి 3.3 వోల్టుల నుంచి 1 కిలో ఓమ్ బయటి పుల్-అప్. లైన్‌కీ పిన్‌కీ మధ్య ఇంకో 1 కిలో ఓమ్. పిన్ దగ్గర గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్. నాలుగో బటన్‌ని జీపీఐఓ 3 నుంచి తీసి జీపీఐఓ 23కి మార్చాను. దీంతో నొక్కకుండా పడే లెక్క ఆగింది. కరెంటు వచ్చినప్పుడు పడేదీ పోయింది. 3వ టేబుల్‌లో తప్పిపోవడం తగ్గింది కానీ పోలేదు, ఎందుకంటే కరెంటు 3 మిల్లీ ఆంపియర్లకు పెరిగినా నెట్టే వోల్టేజ్ ఇంకా 3.3 దగ్గరే ఉంది.

అసలు మందు 24 వోల్టులు. ప్యానెల్‌లో 24 వోల్టుల సప్లై ఎలాగూ ఉంది. అక్కడి ఎలక్ట్రీషియన్ మంచి పనివాడు, "అయితే 24 నేరుగా ఇచ్చేద్దామా సార్?" అని అడిగాడు. నేరుగా ఇస్తే పై ఆ క్షణమే పోతుంది. మధ్యలో ఆప్టోకప్లర్ కావాలి, అంటే రెండు వైపులనూ తీగతో కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పీసీ817 ఆప్టోకప్లర్లు, రెసిస్టర్లు, డాట్ బోర్డు తెచ్చాను. బటన్ వైపు 24 వోల్టులు, బటన్, 2.2 కిలో ఓమ్ రెసిస్టర్, ఆప్టో లోపలి ఎల్‌ఈడీ వరసగా. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు నడుస్తుంది. రెసిస్టర్ దాదాపు పావు వాట్ తింటుంది కాబట్టి అర వాట్‌ది వేయాలి, పావు వాట్‌ది వేస్తే వేడెక్కుతుంది. ఎల్‌ఈడీకి అడ్డంగా తిరగేసి ఒక 1ఎన్4148 డయోడ్, ఎదురు స్పైక్‌లు దాన్ని చంపకుండా. పై వైపు ఆప్టో ట్రాన్సిస్టర్ గ్రౌండ్‌కి, 10 కిలో ఓమ్‌తో 3.3కి పుల్-అప్. అంత రెసిస్టర్ ఉన్నా ఇప్పుడు ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ లైన్ పొడవు డాట్ బోర్డు మీద కొన్ని సెంటీమీటర్లే. 24 వోల్టుల నెగటివ్‌నీ పై గ్రౌండ్‌నీ కలపలేదు. కలిపితే ఆప్టో పెట్టిన ప్రయోజనం సగం పోతుంది.

రాణిగంజ్‌లో తీసుకున్నవి షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ కేబుల్, మూడో టేబుల్‌కి రబ్బర్ సీల్ ఉన్న కొత్త బటన్, కాంటాక్టర్ కాయిల్స్‌కి వాటి స్పైక్‌ని అణిచే ఆర్‌సీ సప్రెసర్ బ్లాకులు. సప్రెసర్ లోపల ఉండేది 100 ఓమ్‌ల వంటి రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా. 230 వోల్టుల ఏసీ కాయిల్‌కి సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్స్2 రేటింగ్ (మెయిన్స్ కరెంటుకి తగ్గ రకం) ఉన్న కెపాసిటరే వాడాలి, మామూలుది వాడితే పేలవచ్చు. నా మట్టుకు రెడీమేడ్ బ్లాక్ కొనడమే మేలు. కేబుల్‌ని పవర్ ట్రంకింగ్‌లో నుంచి తీసి వేరే పైపులో వేయించాను. షీల్డ్‌ని ప్యానెల్ వైపు ఒక్క కొసనే ఎర్త్ చేశాం.

కాయిల్ దగ్గర సప్రెసర్ పెట్టగానే జీపీఐఓ-మాన్ మళ్లీ పెట్టి చూశాను. పాత వైరింగ్‌లోనే ఉంచిన ఒక ఖాళీ లైన్ మీద కూడా గుంపులు చాలా పలచబడ్డాయి. గోలను పుట్టిన చోటే ఆపితే మిగతా పనంతా తేలికవుతుంది.

బటన్ నొక్కినవాళ్లకు జవాబు

ఇంకొకటి నా పట్టుదల మీద పెట్టించాను. మామూలు బటన్ల బదులు లోపల దీపం ఉన్న బటన్లు. లెక్క ఫైల్‌లో పడిన తర్వాతే, అంతకుముందు కాదు, పై యూఎల్‌ఎన్2003 అనే డ్రైవర్ చిప్ ద్వారా ఆ దీపాన్ని ఒక సెకను వెలిగిస్తుంది. అంతవరకు నొక్కినవాళ్లకు పడిందో లేదో తెలియాలంటే తల తిప్పి గోడ మీది టీవీ వైపు చూడాలి. అనుమానం వస్తే ఇంకోసారి నొక్కుతారు, ఎవరైనా అదే చేస్తారు. ఇప్పుడు వేలి కిందే జవాబు ఉంది. 3వ టేబుల్ దగ్గర ఆమె మొదటిసారి చూసి, "ఇట్ల ముందే ఉంటే ఇన్ని మాటలు పడకపోదుము సార్" అంది.

ప్రోగ్రామ్ ఇప్పుడు ఒట్టి మొత్తం కాకుండా ప్రతి నొక్కుడునూ టైమ్‌తో రాస్తుంది. పాత ప్రోగ్రామ్ రోజు మొత్తం మాత్రమే దాచేది. అందుకే వెనకటి నెలల్లో ఏ లెక్క స్పైక్ వల్ల వచ్చింది, ఏది నిజం అని ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు. ఓనర్‌తో ఈ మాట గట్టిగానే చెప్పాను: ఆ అంకెల మీద ఎవరి కూలీ కోయడానికి వీల్లేదని. ఆయన డిస్పాచ్ రిజిస్టర్ తెప్పించి, చేతి రాతలో ఉన్న ట్రేల ప్రకారం పాత బాకీలు సరిచేయడానికి ఒప్పుకున్నారు. అనుమానంతో అంతకుముందే కోసిన డబ్బు ముగ్గురికీ తర్వాతి జీతంతో కలిపి ఇచ్చారు.

వైరింగ్ మార్చిన తర్వాత వారాల తరబడి టీవీ అంకె, డిస్పాచ్ అంకె పక్కపక్కన రాయించాను. నాలుగు టేబుళ్లలోనూ సరిపోతున్నాయి. త్వరలో ఒక ప్రెస్‌కి వీఎఫ్‌డీ (మోటర్ వేగాన్ని మార్చే డ్రైవ్) పెడుతున్నారు. కాంటాక్టర్ ఆపినప్పుడే గోల చేస్తే, వీఎఫ్‌డీ నడిచినంతసేపూ చేస్తుంది. దాని మోటర్ కేబుల్ ఎటు వెళ్లాలో ఎలక్ట్రీషియన్‌తో కలిసి ఇప్పుడే గోడ మీద చాక్‌పీసుతో గీసి పెట్టాం. బటన్ పైపు నుంచి కనీసం అడుగు దూరం, దాటక తప్పని ఒక్క చోట అడ్డంగా తొంభై డిగ్రీల్లో. అది బిగించిన రోజు జీపీఐఓ-మాన్ మళ్లీ పెట్టి చూడాలి.